గంగరాజుగారి చిలుము

పాతదాన్ని ఎవరైనా తోముతున్నారంటే గంగరాజుగారి ప్రాణం గిలగిల్లాడిపోతుంది. పిఠాపురంలో ఆయన ముక్కుకి అందేంత దూరంలో చింతపండు పిసకడం కూడా ప్రమాదమే. అరుగు మీద పేపరు చదువుకుంటున్న మనిషి వాసన పట్టి, "ఎవరక్కడ? ఏం తోముతున్నారు?" అంటూ పెరట్లోకి వచ్చేస్తారు. అది పులుసు కోసమని రుజువు చూపించేదాకా అక్కణ్ణించి కదలరు.

పాత నాణేలు పోగుచెయ్యడం మొదలుపెట్టాక పట్టుకున్న జబ్బు ఇది. "నాణెం మీద చిలుము మురికి కాదే, మాణిక్యం. కాలం దానికి తొడిగిన పచ్చటి చర్మం. తోమావంటే ఒలిచేసినట్టే. అక్షరాలు అరిగిపోతాయి, విలువ పోతుంది. మళ్ళీ రమ్మంటే రాదు" అని భార్యకి పాఠం చెబుతుంటారు.

ఆ భార్య మాణిక్యాంబ వీధిలోకల్లా పేరున్న తోముడు మనిషి. ఆవిడ బిందె తోమి ఎండలో బోర్లిస్తే ఎదురింటివాళ్ళు కిటికీ మూసుకోవాల్సిందే. అలాంటావిడ పుట్టింటి గంగాళం మీద కూడా ఆయన కన్ను పడింది. "మీ తాతగారి నాటిది, ముట్టుకోకు" అన్నారు. అది పచ్చబడి, చెరువు గట్టున రాయిలా అయిపోయింది. "పళ్ళన్నా తోముకుంటున్నారు, అదే నా అదృష్టం" అని ఆవిడ చుట్టాలతో చెప్పుకునేది.

పక్కింటి పావని పెళ్ళిలో, నాయనమ్మగారు కాసులపేరు కుంకుడురసంలో నానేసిందని ఎవరో అన్నారు. అంతే, గంగరాజుగారు పప్పన్నం ముద్ద విస్తట్లో వదిలేసి ఎంగిలి చేత్తో పరిగెత్తారు. "బంగారానికి చిలుమేంటండి బాబూ!" అని అందరూ పట్టుకున్నా ఆగితేనా? "చిలుము లేకపోతేనేం, సందుల్లో వాళ్ళ అత్తగారి పసుపుంటుంది!" అన్నారు.

అలాంటి ఇంటికి ఓ ఆదివారం ఉప్పాడ నుంచి ఏసుపాదం వచ్చాడు. అతని పడవ తొంభయ్యారు తుఫానుకి పోయింది. ఆ తర్వాత సముద్రం తీరిగ్గా ఒక్కో గోడా నమిలి ఇల్లు కూడా తీసుకుపోయింది. అప్పట్నుంచి యానాం వెళ్ళడం, తాగడం, తూలుతూ బస్సు దిగడం, అదే అతని పని. ఇల్లున్నచోట ఇసకలో దొరికిందంటూ, పెచ్చులు కట్టి పచ్చగా ఉన్న బిళ్ళొకటి గంగరాజుగారి చేతిలో పెట్టాడు. దాని అంచున చిన్న చిల్లు.

"ఏదో మీకు తోచింది ఇప్పించండి, అయ్యగారండి."

గంగరాజుగారు భూతద్దం పెట్టి చూశారు. తర్వాత అతని వణికే చేతుల వంక చూశారు. ఆయన ముఖం ఒక్కసారి వెలిగిపోయింది.

"ఇది అమ్ముకునే వస్తువు కాదయ్యా ఏసుపాదం! రేవుకి ఓడలొచ్చిన కాలం నాటిది. నా దగ్గర భద్రంగా ఉంచుతాను, నెలకోసారి వచ్చి చూసుకో. ఒక్కటే షరతు. తాగినవాడి ఊపిరి తగిలిందంటే చిలుము చచ్చిపోతుంది."

"ఉత్త ఊపిరికేనాండి?"

"ఊపిరికే. ఇవి చాలా సున్నితం."

వంటింట్లోంచి మాణిక్యాంబ, "ఓడల కాలం బిళ్ళకి యానాం మందు వాసన ఎలా తెలుస్తుందండీ?" అంది.

"నువ్వు లోపలుండు!"

ఏసుపాదం నెలనెలా వచ్చాడు. వణుకు తగ్గింది. కళ్ళ ఎరుపు, తెల్లారుతున్న ఆకాశంలా, మెల్లగా విడిపోయింది. బావగారి పడవలో వేటకి పోతున్నానని, ఓసారి కోనం చేప ముక్కలు కూడా తెచ్చాడు. గుమ్మంలోనే, ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని అడిగినట్టు, "చిలుము ఎలాగుందండీ?" అనేవాడు.

ఇంతలో గంగరాజుగారు పాలకొల్లులో తాంబూలాలకి వెళ్ళారు. ఇంట్లో మాణిక్యాంబ, ఆ బిళ్ళ, కాస్త చింతపండు మిగిలారు. ఒక్క అంచు చూసి పెట్టేద్దామనుకుంది ఆవిడ. కానీ తోముడు చేతికి అంచుతో ఆగడం తెలియదు. పచ్చదనమంతా వేళ్ళ సందుల్లోంచి జారిపోయి, బిళ్ళ సాయంత్రపు ఎండలా తళతళలాడింది. దాని మీద ఓ అంకె, దాని కింద "సైకిలు" అనే అక్షరాలు. మునిసిపాలిటీవాళ్ళు పన్ను కట్టించుకుని సైకిలుకి తగిలించే బిళ్ళ!

ఆయన రాగానే, "ఏవండీ, మీ ఓడల కాలంలో జనం సైకిళ్ళు తొక్కేవారా?" అని అడిగింది.

గంగరాజుగారు చెప్పులు విప్పకుండానే కూలబడ్డారు. "తోమేశావా?"

"సైకిలు బిళ్ళని ఇన్నాళ్ళూ..."

"మొదటిరోజే తెలుసే. చిల్లులో తీగ ముక్క ఉంది. మన సైకిలుకి మాత్రం ఉండేది కాదూ? మందు మానెయ్యవయ్యా అని ఊరంతా చెప్పింది, విన్నాడా? చిలుము చచ్చిపోతుందంటే విన్నాడు. ఇప్పుడు దీన్ని చూశాడంటే సరాసరి యానాం బస్సే!"

ఈ మనిషి ఇన్నాళ్ళూ కాపలా కాసింది ఏ పచ్చదనానికో మాణిక్యాంబకి ఇప్పుడు అర్థమైంది. కొంగు నడుముకి దోపి లేచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చిలుము పట్టించడానికి కూర్చుంది. పుల్లటి మజ్జిగ, ఉప్పు, నిమ్మతొక్కలు, రాగి చెంబు.

"ఇంకాస్త ఉప్పు" అన్నారు ఆయన వెనకనుంచి.

"మీరు లోపలుండండి!"

ఆదివారానికి బిళ్ళ లేత మావిడాకులా తయారైంది. ఏసుపాదం వచ్చి, ఊపిరి బిగబట్టి మరీ చూశాడు.

"కిందటి నెలకన్నా బాగా పచ్చబడిందండి!"

"నువ్వు మానేశావుగా, ఒళ్ళు చేసింది" అని గంగరాజుగారు గర్వంగా దాన్ని లోపల పెట్టడానికి వెళ్ళారు.

ఏసుపాదం గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు. "అమ్మగారండి, తమరు గాని దాన్ని తోమేరాండి? మజ్జిగ వాసనొస్తందండి."

మాణిక్యాంబ చటుక్కున లోపలి గది వైపు చూసింది.

"అయ్యగారికి తెలీనివ్వకండి, అది మా సైకిలు బిళ్ళేనండి. మందుకి డబ్బులు లాగుదామని తెచ్చేనండి ఆ రోజు. ఆయ్, తప్పేనండి. తీరా ఆయన మొహం అలా వెలిగిపోతంటే నోరు పెగల్లేదండి. పెద్దాయన అంత ముచ్చటపడిపోతన్నారు, నా ఊపిరి తగిలి ఆ చిలుము చచ్చిపోతే పాపం కదండీ? అందుకే మానేసేనండి."

తన్నుకొస్తున్న నవ్వుకి మాణిక్యాంబ కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటక్కడ గుసగుసలు?" లోపల్నుంచి గంగరాజుగారు.

"ఏం లేదండీ, వచ్చే నెలకి ఇంకా ఒళ్ళు చేస్తుందా అని అడుగుతున్నాడు" అంది మాణిక్యాంబ.