గాజు ముక్కల పెండ్లి

హనుమకొండలో మా వర్క్‌షాప్‌లో రెండు గాజు పట్టకాలను జిగురుతో అతికించడాన్ని పెండ్లి అంటారు. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరంలోకి వెళ్తాయవి. ఒకసారి జిగురు గట్టిపడితే విడదీయడం మా వల్ల కాదు. అందుకని పనికి ముందు మంచిరోజు చూస్తారు, బయటి గదిలో కొబ్బరికాయ కొడతారు. ఆ అతికించే పని ఏళ్లుగా నాదే.

మా ఆయన చనిపోయిన నెల రోజులకు మళ్లీ పనిలోకి వెళ్లాను. వరంగల్ నుంచి ఆటోలో వచ్చే దారంతా ఏమీ అనిపించలేదు. ఆయన పోయిన రోజు నుంచీ అంతే. ఏడుపు రాలేదు, ఆకలి లేదు, ఎవరి మీదా కోపం కూడా లేదు. నాకు కోపం రావడం లేదంటే ఇంట్లోవాళ్లే భయపడ్డారు.

వర్క్‌షాప్ నడిపే సార్ నా మొహం చూడకుండా అన్నాడు: "అమ్మా, ఇయ్యాల్టి పెండ్లి చెల్లెతోని చేయిద్దాం. నువ్వు జర పక్కకు కూసో."

చెల్లె అంటే నా పక్క బల్ల మీద పనిచేసే ఆమె, ఇద్దరు పిల్లల తల్లి. నన్నెందుకు పక్కకు కూర్చోమన్నాడో నాకు తెలుసు. మొగుడు పోయినదాన్ని ముందు పెట్టుకోవడమంటే పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టే కదా. అతికించే కుర్చీ పోతే నాకిక మిగిలేది లెన్సులు తుడవడమే. పాత రోజుల్లో అయితే వర్క్‌షాప్ కప్పు ఎగిరిపోయేది. ఆ రోజు మాత్రం చేతులకు తొడుగులు వేసుకుంటూ, "గాజుకు ఏం దెల్సు సార్, నా మొగడు ఉన్నడో లేడో" అన్నాను, అంతే.

చెల్లె కుర్చీలో కూర్చోలేదు. "అక్క ఉండంగ నేనెట్ల చేస్త సార్?" అంది. సార్ పక్కకు జరిగాడు, నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

కింది పట్టకం మీద జిగురు చుక్క వేసి, గాలి బుడగ చిక్కకుండా పైదాన్ని ఒక పక్క నుంచి మెల్లగా వాల్చాలి. తర్వాత మరలు వెంట్రుకవాసి తిప్పుతూ, ఎదుటి తెర మీద రెండు ఎర్రటి లేజర్ చుక్కలు ఒకటయ్యే దాకా జరపాలి. ఎప్పుడూ అక్కడ నా గుండె దడదడలాడేది. ఆ రోజు పై పట్టకం ఇంకా నా వేళ్ల మధ్యే ఉండగా, పడితే పడనీ అనుకున్నాను. పగిలితే ఏమవుతుంది? నిజంగానే అనుకున్నాను.

చుక్కలు కలిశాయి. చెల్లె ఊదారంగు దీపం వేసింది, జిగురు గట్టిపడింది.

సార్ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "ఇంత సాఫ్‌గ ఎన్నడు రాలేదమ్మా. చెయ్యి జర గూడ వణకలె" అన్నాడు. ఆయన గొంతులో సిగ్గు ఉంది. ఇక మంచీ చెడూ చూసేది లేదు, ఈ కుర్చీ నీదే అన్నాడు. చెల్లె సంతోషం పట్టలేక నా భుజం పట్టుకుంది.

నేను తొడుగులు విప్పి బల్ల మీద పెట్టాను.

"వచ్చేసారి చెల్లెతోనే చేయించుండ్రి సార్" అన్నాను. "నాకిప్పుడు గాజు పగులుతదన్న భయం లేదు. ఆ భయం మళ్ల వచ్చినంక నేనే అడుగుత."