వెలుగు తగిలిన నీళ్లు

కాకినాడ దగ్గర ఉప్పుటేటి ఒడ్డున గుల్లలు ఏరి అమ్ముకునే ఈశ్వరమ్మకు జ్యోత్స్న ఒక్కతే కూతురు. జ్యోత్స్న డిగ్రీ చదివే రోజుల్లో ఆ ఏట్లో ఎవరూ ఎరగని నల్ల ఆల్చిప్పలు పుట్టి, బురదంతా కప్పేశాయి. వాటి కింద గుల్లలు చచ్చిపోయాయి. ఏ దేశపు ఓడో తెచ్చి వదిలిందన్నారు ఊళ్లోవాళ్లు. బతుకుతెరువు పోయిన ఈశ్వరమ్మ, కూతురికి హైటెక్ సిటీలో ఉద్యోగం రాగానే వెంట వచ్చి మణికొండలో కాపురం పెట్టింది.

జ్యోత్స్న పనిచేసేది నీటి పరీక్షల ల్యాబ్‌లో. సరుకు లేని ఓడ ఒరిగిపోకుండా ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకుని, మరో రేవులో వదిలేస్తుంది. ఆ నీళ్లతోపాటు కంటికి కనిపించని ప్రాణులూ అక్కడ దిగుతాయి. వాటిని అతినీలలోహిత కాంతితో చంపే యంత్రాన్ని ఒక కంపెనీ పరీక్షకు పంపింది. యంత్రంలోంచి వచ్చిన నీళ్లలో ఏదీ కదలలేదు. అందరూ సరేననుకున్నారు. జ్యోత్స్న మాత్రం ఒక సీసాను కిటికీ పక్కన వెలుగులో ఉంచింది. వారం తిరిగేసరికి నీళ్లకు పచ్చఛాయ వచ్చింది. సూక్ష్మదర్శిని కింద చూస్తే సన్నటి నాచుకణాలు ఒకటి రెండవుతున్నాయి.

ల్యాబ్ నడిపే హేమంత్‌ది కడప. సీసాను వెలుగుకెత్తి చూసి బల్లమీద పెట్టాడు.

"టెస్ట్ చేసిన రోజు చచ్చినట్లే ఉండాయి కదా జ్యోత్స్నా. రూల్‌కు అది చాలు. ఇంకేం కావల్ల?"

"చావలేదండి. దెబ్బతిని పడున్నాయి. వెలుగు తగిలాక కోలుకున్నాయి."

"క్లయింట్ పోతాడు."

"ఇది రాయకుండా నేను సంతకం పెట్టలేనండి."

ఆ సాయంత్రం సంగతి విని ఈశ్వరమ్మ భయపడింది. "ఎవరికి తెలుస్తుందే? ఉద్యోగం చూసుకో."

"మన ఏట్లో ఓడ నీళ్లు వదిలినవాళ్లూ అలాగే అనుకుని ఉంటారమ్మా."

ఈశ్వరమ్మ కంచంలో అన్నం వడ్డించి పక్కనే కూర్చుంది.

చివరికి హేమంత్ అయిష్టంగానే ఒప్పుకోవడంతో ఉన్నదున్నట్టు రాసి పంపారు. కంపెనీ యంత్రాన్ని వెనక్కి తీసుకుంది. హేమంత్ ఆమెను తీసెయ్యలేదు కానీ, అపార్ట్‌మెంట్ల బోరు నీళ్ల పరీక్షలకు మార్చాడు. ఆ పనీ ఆమె శ్రద్ధగానే చేసింది.

మరుసటి వేసవిలో ఆ కంపెనీ ఇంజనీరు లావణ్య ఫోన్ చేసింది. "కాంతి పెంచామండి. ఈసారి కూడా మీరే చూడాలి. వెలుగులో ఎన్నాళ్లయినా ఉంచండి."

జ్యోత్స్న కొత్త సీసాను నెల దాటేదాకా కిటికీ పక్కన ఉంచింది. నీళ్లు పచ్చబడలేదు. సంతకం పెట్టేముందు మరొక్కసారి సూక్ష్మదర్శినిలోకి వంగి, నీటిబొట్టును ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెతికింది.