కాల్చేసిన కాగితాలు

1986లో ప్రత్తిపాడులో మా ఇంటి వసారాలో, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు ఇంగ్లీషు పదాలు నేర్పేవాణ్ణి. ఆ భాగాన్ని వొకాబులరీ అంటారు. కఠినమైన మాట ఒకటిచ్చి, దాని అర్థానికి దగ్గరి మాట గుర్తించమంటారు. లెక్కలు చకచకా చేసేవాళ్లు కూడా అక్కడే చతికిలబడేవారు.

నా పద్ధతి ఒకటుండేది. రోజుకు ఇరవై మాటలు, అర్థాలతో చెప్పి రాయించేవాణ్ణి. సాయంత్రానికి కంఠస్థం చేసి, ఆ కాగితం పొయ్యిలో వేసెయ్యాలి. మర్నాడు చూడకుండా అప్పజెప్పాలి. కాగితం ఉంటే బుర్ర బద్ధకిస్తుందని చెప్పేవాణ్ణి. నా తప్పులకు సాక్ష్యం మిగలకూడదన్న ఆలోచన కూడా అందులో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

గుంటూరులో పాతపుస్తకాల కొట్లో కొన్న నా డిక్షనరీలో ఎస్ అక్షరం దగ్గర కొన్ని పుటలు లేవు. పాత ప్రశ్నపత్రాల్లో ఆ మాటలు ఎదురైతే, తెలియదని చెప్పలేక అర్థాలు ఊహించి చెప్పాను. సాంగ్విన్ అంటే రక్తం చూస్తే భయపడేవాడన్నాను. ఇంకో డిక్షనరీ ఎరువు తెచ్చి చూస్తే, మంచే జరుగుతుందని నమ్మేవాడని ఉంది. అలాంటివి మొత్తం పదకొండు తేలాయి. పరీక్ష ఇంకా వారం ఉంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఊరుకున్నాను.

నా దగ్గర చదివేవాళ్లలో ఏసురత్నం మిరప కళ్లంలో కూలికి పోతూ చదివేవాడు. వయోపరిమితి దాటిపోతోంది, అతనికి అదే ఆఖరి పరీక్ష. ఆ వారంలోనే ఒకరోజు వాళ్లమ్మ మార్తమ్మ వచ్చి, గొంతు తగ్గించి అంది.

"మేష్టారూ, మజ్జాన్నం పూట మావాడు తలుపేసుకుని కూర్చుంటాడండి. లోపల మీరు మాట్లాడతంటారు. తీసి చూస్తే మీరుండరు."

నవ్వేసి, ఆవిడ వెంట వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు కూడా లేదు. కళ్లాల ఘాటు గొంతులో పడుతోంది. తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల నా గొంతు వినబడింది. మాట చెప్పి కాస్త ఆగడం, పొడిదగ్గు, ఆ తరువాత అర్థం, చివర "అర్థమైందా?" అనడం, అన్నీ నావే. అతను పాఠంతోపాటు నన్ను కూడా కంఠస్థం చేశాడు. ఎస్ మాటలు మొదలయ్యాయి. నేను కల్పించిన అర్థాలు ఒక్కొక్కటే, తడబాటు లేకుండా, నా గొంతుతోనే వస్తున్నాయి.

తలుపు మీద చెయ్యి వేశాను. లోపలి గొంతు ఆగింది.

"ఎవరది?" అంది, నేను అడిగినట్టే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "బాగా చదువుతున్నాడమ్మా, భయం లేదు" అని మార్తమ్మతో చెప్పి తిరిగొచ్చేశాను.

పరీక్ష రాసి ఏసురత్నం నేరుగా మా ఇంటికే వచ్చాడు. మీరు చెప్పినవి మూడొచ్చాయండి, ఒక్కటీ వదల్లేదండి అని సంబరపడ్డాడు. ఏమిటవని అడిగితే చెప్పాడు, మూడూ ఆ పదకొండులోవే. ఫలితాల్లో అతని నంబరు లేదు. ఆ మూడింటివల్లే పోయిందో లేదో ఈరోజుకీ నాకు తెలియదు.

నెల తరువాత కళ్లానికి వెళ్లి అంతా చెప్పాను. అతను కాయలు తిరగేస్తూ విన్నాడు.

"పరీక్షకి ముందే తెలుసా మీకు?"

"తెలుసు."

"కాగితాలు కాల్చేశాను గదండీ" అన్నాడు, తలెత్తకుండానే. "తలకాయలో ఉన్నదాన్ని ఎట్టా దిద్దుకునేది?"

అతను తరువాతి వరసకు వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి కాగితాలు కాల్చడం మాన్పించాను. నాకు తెలియని మాటకు ఎదురుగా ఖాళీ వదిలెయ్యమనేవాణ్ణి. మేష్టారికే రాదట అని వెనక బెంచీవాళ్లు నవ్వుకునేవారు. నవ్వనిచ్చాను. చదువు చెప్పేవాడికి ఆ నవ్వు పెద్ద కష్టమేమీ కాదని నేర్చుకున్నాను. ఆ సంగతి నాకు తెలియడానికి ఏసురత్నం ఆఖరి పరీక్ష ఖర్చయింది.