నీళ్లు దుంకే బండకు పోవాలా, వద్దా

మొన్న పుష్య మాసంలో బనశంకరి జాతరకని అల్లుడి కారులో బాదామికి బయలుదేరాం. లింగసూగూరు దగ్గర రోడ్డు పక్కన ఒక బోర్డు కనిపించింది, దాని మీద బాణం గుర్తు, బాణం పక్కన జలపాతం పేరు. ఒకసారి పోయి చూసి పోదామా అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే, ముందు సీట్లోని మనవరాలు ఫోను తీసి, బొటనవేలితో రెండుసార్లు పైకి తోసి, ఈ కాలంలో అక్కడ నీళ్లుండవనీ, పోను రాను గంటన్నర దండగనీ, ఎవరో పుణ్యాత్ముడు అంత దూరం వెళ్లి మరీ ‘ఏమీ లేదు, రావద్దు’ అని రాసిపెట్టాడనీ తీర్పు చెప్పేసింది. అల్లుడు గేరు కూడా మార్చలేదు. కారు ఇల్కల్ దారి పట్టింది. అంత పెద్ద వ్యవహారం అంత తొందరగా తేలిపోవడం చూసి, నేను వెనక్కి తిరిగి ఆ బోర్డు కనుమరుగయ్యేదాకా చూశాను.

ఎందుకంటే సరిగ్గా అదే ఊళ్లో, అదే జలపాతానికి పోవాలా వద్దా అని, నలభై ఏళ్ల కింద మేము పదమూడు మందిమి ఒక పూట కొట్లాడుకున్నాం. చివరికి అమ్మవారినే పిలిచి పంచాయితీ పెట్టాం. ఆ పంచాయితీలో నేను చేసిన మోసం, అది నా నెత్తికే చుట్టుకున్న వైనం చెప్పాలంటే ముందు మా పెదనాయన గురించి చెప్పాలి.

మాది గిల్లేసూగూరు పక్కన, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే చిన్న పల్లె. కాలువ మా ఊరి దాకా వస్తుంది, నీళ్లు మాత్రం రావు. పైఊళ్ల వాళ్లు తాగి, పారించి, పశువుల్ని కడిగి, ఇంక చేతులు కడుక్కోవడానికి కూడా అక్కర్లేదనుకున్న నీళ్లు మాకు దక్కేవి. అటువంటి ఊళ్లో మా పెదనాయన ఒక్కడే జలపాతం చూసిన మనిషి. పెళ్లయిన కొత్తలో ఎద్దును కొనడానికి లింగసూగూరు వైపు వెళ్లి, అక్కణ్నించి ఇంకా పోయి, నీళ్లు దుంకే బండను కళ్లారా చూసి వచ్చాడు. ఆ నీళ్లు పైనుంచి కింద పడేలోపల ఒక మనిషి బీడీ అంటించి సగం తాగొచ్చునట. పైనుంచి కొబ్బరికాయ వేస్తే కిందికి తురుముగా వస్తుందట. ఆ చప్పుడుకు చెవులు దిమ్మెక్కి, ఇంటికొచ్చాక మూడు రోజులు పెద్దమ్మ ఏం చెప్పినా వినపడలేదట. ఈ మూడోది నిజమేనని ఊళ్లో మగవాళ్లంతా నమ్మారు, కొందరు ఆ ఊరికి దారి కూడా అడిగారు. కాలువ ఎండిన ప్రతి ఏడూ సాయంత్రం పూట పదిమంది ఆయన అరుగు మీద చేరి, ఆ బండ ముచ్చట చెప్పమనేవాళ్లు. చెప్పినకొద్దీ నీళ్లు పెరిగేవి. పెద్దమ్మ గడపలో కూర్చుని, ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వినేది. నన్నెప్పుడు తోలుకపోతావని అడిగేది. వచ్చే ఏడు అనేవాడు. అట్లా ముప్ఫై ఏళ్లు వచ్చే ఏడు వచ్చింది.

ఇక నా సంగతి. నాలుగో తరగతిలో మా కన్నడ పంతులు నన్ను బయటికి పొమ్మన్నాడు, మళ్లీ లోపలికి రమ్మని అనలేదు కాబట్టి నేనూ పోలేదు. తరవాత టెంపో తోలడం నేర్చుకున్నాను. ఆ ఏడు కంకులు కొట్టడం అయిపోయి అందరికీ తీరిక దొరికినప్పుడు, నేను తోలే టెంపో యజమానిని బతిమాలి, మావాళ్లనీ ఇరుగుపొరుగునీ ఎక్కించుకుని బనశంకరి జాతరకు బయలుదేరదీశాను. తెల్లవారకముందే కదిలి, కల్లూరు దాటి, మస్కిలో మా మేనత్తను ఎక్కించుకున్నాం. ఆమె ఎక్కుతూనే ఒక గంప అరటిపళ్లు నా సీటు వెనక పెట్టి, సాయంత్రం రథం కదిలేటప్పుడు ఆ పళ్లు రథం మీద వెయ్యాలనీ, ఆలస్యమైతే నా మీద వేస్తాననీ చెప్పింది.

లింగసూగూరులో ఒక హోటలు ముందు ఆపి మండక్కి ఒగ్గరణె అనే తాలింపు మరమరాలు, మిర్చి బజ్జీలు తింటుండగా పెద్దమ్మ పక్కబల్ల మనిషిని కన్నడంలో ఏదో అడిగింది. ఆ మనిషి చెయ్యెత్తి ఒక వైపు చూపించాడు. బండ ఇక్కణ్నించి ఒక గంట దారేనట, మేము పోవాల్సిన దిక్కుకు సరిగ్గా వ్యతిరేకం. పెద్దమ్మ మిర్చి బజ్జీ పక్కన పెట్టి, చూడకుండా ఇక్కణ్నించి కదిలేది లేదంది. అత్త రథం పోతుందంది. మిగతావాళ్లు తినడం ఆపకుండానే రెండు పార్టీలుగా చీలిపోయారు. చిత్రమేమంటే, మమ్మల్ని రెక్క పట్టుకుని లాక్కుపోవాల్సిన పెదనాయనే అడ్డం తిరిగాడు. ఎండ అన్నాడు, దారి బాగుండదన్నాడు, నీళ్లు చూస్తే ఆడవాళ్లకు కళ్లు తిరుగుతాయన్నాడు. తరవాత టైరులో గాలి చూడాలని నన్ను టెంపో వెనక్కి పిలిచాడు. ఆయన జీవితంలో అంతకుముందెన్నడూ టైరు వైపు చూసిన మనిషి కాదు.

"ఒరేయ్, గీ ముచ్చట నీ కడుపుల పెట్టుకో," అన్నాడు. "నేను ఆ బండను చూల్లేదు."

నేను ముందు నవ్వాను, ఊళ్లో అందరి మీదా నేనేసే జోకుల్లో ఇంత మంచిది ఒక్కటీ లేదు కదా అని. ఆయన నవ్వలేదు. ఆ రోజు ఎద్దును కొన్నాక వాన పట్టుకుంటే ఇట్లాంటి హోటల్లోనే కూర్చున్నాడట. ఆ బండ వైపు నుంచి వచ్చిన మనిషొకడు చెప్పాడట. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మనిషి కూడా చూసినట్టు లేదట. తీరా వాన వెలిసి ఎద్దును తోలుకుని ఊరికి వస్తుంటే, అది కుంటిదని దారిలో తేలింది. కొత్త పెళ్లాం గుమ్మంలో నిలబడి ఉంది. ఎద్దు సంగతి అడగక ముందే నీళ్ల సంగతి ఎత్తుకున్నాడు, అంతే, ఇక ఆ మాట మీంచి దిగడానికి దారి దొరకలేదు.

ఇప్పుడు అక్కడికి పోతే దారి తెలియదు, ఎటు నిలబడాలో తెలియదు, మొదటి మలుపులోనే పెద్దమ్మకు తెలిసిపోతుంది. తక్కినవాళ్లు నవ్వితే నవ్వనీ, ఆమె ముందు మాత్రం ఈ వయసులో చిన్నబోలేనని, అరవై దాటిన మనిషి నా గడ్డం పట్టుకున్నాడు. మా వైపు పెద్దవాళ్లు చిన్నవాళ్ల గడ్డం ఊరికే పట్టుకోరు. నా నోట్లో సిద్ధంగా ఉన్న నాలుగు జోకులూ అక్కడే మింగేసి, నేను చూసుకుంటా పెదనాయనా అన్నాను.

వెంటనే వెళ్లి, టెంపోకు ఎడమ చక్రం మీది స్ప్రింగు, అదే కమాను పట్టీ, మెత్తబడింది, గుంతల దారిలో పోతే విరుగుతుందని అందరికీ వినపడేట్టు చెప్పాను. మరి బాదామి దాకా ఎట్లా పోతుందని పెద్దమ్మ అడిగింది. నేను చక్రం కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాను.

అప్పుడు మా అత్త, అమ్మవారిని పువ్వు అడుగుదామంది. మా వైపు వాడుక మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తడి పువ్వును దేవర మీద అంటించి మనసులో మాట అడుగుతారు. కుడివైపు రాలితే సరేనన్నట్టు, ఎడమకు రాలితే వద్దన్నట్టు. నా టెంపోలో, అద్దం కింద, బనశంకరమ్మ ఫొటో ఉండనే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ ఎడమ కమాను పట్టీ మెత్తబడిన మాట అబద్ధం కాదు, బండి అటువైపు కాస్త ఒరిగే ఉండేది. ఇంజను ఆన్ చేస్తే చాలు, ఫొటో మీద ఏం పెట్టినా గజగజ వణికి నా ఎడమకే జారేది. ఏళ్లుగా రోజూ పొద్దున పూలు పెట్టి, రోజూ ఎడమ వైపు ఏరుకుంటున్నవాణ్ని. అమ్మవారికి చలి వెయ్యకుండా ఇంజను వేస్తానని చెప్పి తాళం తిప్పాను. అత్త సేవంతి పువ్వు తడిపి ఫొటో నెత్తిన అంటించింది. కిటికీల నిండా తలలు. పెదనాయన కళ్లు మూసుకున్నాడు. పువ్వు రెండుసార్లు ఊగి, నేను పిలిచినట్టే ఎడమకు వచ్చి పడింది.

ఎడమ, ఎడమ అని అరిచాను. పెదనాయన ఊపిరి వదిలాడు. పెద్దమ్మ మాత్రం ఫొటోను చూస్తూ కదలకుండా నిలబడి, నెమ్మదిగా అంది:

"మనం అడిగింది అమ్మవారిని గదా. ఆమె మన దిక్కు తిరిగి కూసున్నది. నీ ఎడమ చెయ్యి ఆమెకు కుడి చెయ్యి కాదా?"

అందరూ ఒకసారి తమ చేతులు చూసుకున్నారు, ఒకసారి అమ్మవారి చేతులు చూశారు. పెదనాయన, కళ్లు మనవి కాబట్టి ఎడమ కూడా మనదేనని వాదించబోయాడు గానీ, అత్త లెంపలు వేసుకుని, రథం పోతే పోయింది అమ్మ మాట దాటకూడదని ఎక్కి కూర్చుంది. స్టీరింగు పట్టుకున్నవాడికి తన కుడే కుడి. అది తప్ప ఇంకో కుడి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. బహుశా ఐదో తరగతిలో చెబుతారేమో.

ఆ దారంతా పెదనాయన నా పక్కన చెరసాలకు పోయేవాడిలా కూర్చున్నాడు. పెద్దమ్మ మాత్రం వెనక నుంచి ప్రతి పది నిమిషాలకూ, చప్పుడు ఇంకా వినపడదేమని అడిగింది. దారి అయిపోయిన చోట ఆపి, జాలితుమ్మ చెట్ల మధ్య నడిచి, ఒక వంపు తిరిగితే, ఎదురుగా బండ. తాటిచెట్టంత ఎత్తు నల్లటి రాయి, దాని మీద పైనుంచి కింది దాకా తెల్లటి చారలు, అడుగున పచ్చటి మడుగులో రెండు బర్రెలు. చుక్క నీరు దుంకడం లేదు. మాకు పొలం పని తీరేది నీళ్లు అయిపోయాకే కదా, ఆ బండకూ అప్పుడే తీరిక. ఈ సంగతి పదమూడు మంది రైతుల్లో ఒక్కరికీ ముందుగా తట్టలేదు.

బర్రెల్లో ఒకటి మావైపు చూసి, మళ్లీ తల తిప్పుకుంది. నాకు లోపల సంతోషంగానే ఉంది, పెదనాయన గట్టెక్కాడు కదా. ఎండిన బండ ముందు ఎవరు మాత్రం ఎవరి అబద్ధం పట్టుకోగలరు? ఆయన కూడా తేరుకుని, గొంతు సవరించుకుని, ఇగో ఇక్కడి నుంచే పడేవి అని చెయ్యెత్తాడు. అప్పుడు పెద్దమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, మడుగు పక్క నుంచి బండ దాకా పోయి, దాని మీద అరచెయ్యి వేసింది. నీళ్లు రాసి రాసి ఆ రాయి కవ్వం కర్రలా నున్నబడి ఉంది. ఆమె చెయ్యి అందినంత మేరా తడిమి చూసి, వెనక్కి తిరిగి ఆయనతో, ఇంత రాయి ఇంత నున్నగైందంటే ఎన్ని నీళ్లు దుంకి ఉండాలె, నువ్వు ఇన్నేళ్లూ తక్కువే చెప్పినవ్ అంది.

ఆ మాటకు పెదనాయన ఎత్తిన చెయ్యి దించేశాడు. రుమాలు తీసి మోకాళ్ల మీద పెట్టుకుని ఒక రాయి మీద కూర్చున్నాడు. అబద్ధానికి అనుమానం ఎదురైతే వాదించొచ్చు గానీ, ఇంత నమ్మకం ఎదురైతే ఎంతటివాడైనా ఏం చేస్తాడు? నేను కళ్లతోనే వద్దన్నాను. ఆయన నావైపు చూడలేదు.

"నేను చూల్లేదే," అన్నాడు. "లింగసూగూర్ల హోటల్ల కూసోని విన్న. ఎద్దు కుంటిదని నువ్వు తిడ్తవని చెప్పిన."

అందరం బర్రెల్నే చూస్తూ నిలబడ్డాం. పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. ముప్ఫై ఏళ్ల సాయంత్రాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసి చూసుకుంటున్నట్టుంది. తిడుతుందనుకున్నాం. తిడితే బాగుండుననుకున్నాం కూడా. చివరికి వచ్చి ఆయన పక్కనే రాయి మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు నేను గూడ చూల్లేదు గదా," అంది. "ఊర్లకు పోయి ఏం చెప్దాం?"

అది ఒక్క ఆమె సమస్య కాదని అప్పుడు మా అందరికీ తెలిసొచ్చింది. టెంపో కట్టుకుని, అమ్మవారిని పువ్వడిగి, దారి తప్పి పోయి, పదమూడు మందిమి ఎండిన రాయినీ రెండు బర్రెల్నీ చూసి వచ్చామని ఏ మొహంతో చెబుతాం? తిరుగుదారిలో, అప్పటిదాకా రెండు పార్టీలుగా ఉన్నవాళ్లు ఒక్కటైపోయారు. నీళ్లు ఎంత ఎత్తు నుంచి పడాలి, చప్పుడు ఎంత దూరం నుంచి వినపడాలి అన్నీ కూడబలుక్కున్నారు. రథం కదిలే వేళకు బనశంకరి చేరుకున్నాం. అత్త అరటిపళ్లు రథానికే వేసింది, ఒకటి మాత్రం గురి తప్పిందంటూ నాకు తగిలించింది. మస్కిలో దిగకుండా మా వెంటే ఊరికి వచ్చి, తుంపర్లకు తన పట్టుచీర తడిసి రంగు పోయిందని నమ్మించింది కూడా ఆవిడే.

ఆ తరవాత పెదనాయన ఆ కథ చెప్పడం మానేశాడు. పెద్దమ్మ అందుకుంది. ఆమె చేతిలో ఆ నీళ్లు ఇంకో తాటిచెట్టు పెరిగాయి. ఎవరైనా అనుమానంగా చూస్తే ఆయన వైపు తిరిగి, చెప్పరాదూ అనేది. ఆయన తల దించుకుని, చేతిలో చుట్టను అటూ ఇటూ తిప్పుతూ, ఆమె చెప్పినట్టే అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఉన్న సిగ్గు కొత్త పెళ్లికొడుకుది. ఎద్దు మాట ఆమె మళ్లీ ఎన్నడూ ఎత్తలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే వినడానికి చాలాసార్లు తలుపు పక్కన నిలబడ్డాను.

ఇద్దరూ పోయి చాలా కాలమైంది. వానాకాలంలో ఆ బండకు పోదామని నేనూ ప్రతి ఏడూ అనుకున్నాను, వాన పడితే పని, పని అయిపోతే వాన ఉండదు. ఇప్పటివాళ్లు తెలివైనవాళ్లు. ఉందో లేదో కనుక్కునే బయలుదేరతారు, లేనిచోటికి పోరు, కాబట్టి మోసపోరు. దానికి నేనేమీ అనను. కానీ మొన్న జాతర నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, అలవాటు కొద్దీ వీధి అరుగు మీద కాసేపు కూర్చున్నాను. పోయేవాళ్లు పోతున్నారు, వచ్చేవాళ్లు వస్తున్నారు. ఇద్దరు ముగ్గురు బాగున్నారా అని కూడా అడిగారు. ఎక్కడికి పోయి వచ్చావు, అక్కడ ఏం చూశావు అని మాత్రం ఎవరూ అడగలేదు. దీపాలు పెట్టేదాకా కూర్చుని, లోపలికి వచ్చేశాను.