అంగడి పొయ్యి అంటించే ముందు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం సెలవుల్లో నాకు ఒకే పని ఉండేది. మా మేనత్త ఏం తింటుందో చూస్తూ ఉండడం. ఆ పని అప్పగించింది మా నాయన. నాకప్పుడు పదేళ్ళు. మాది నందవరం దగ్గర పల్లె. మేనత్తది ఆదోని. మామ పోయిన తర్వాత ఆమె ఇంటి ముందు వసారాలోనే ఉగ్గాణి, బజ్జీల అంగడి పెట్టుకుంది. నానబెట్టిన బొరుగులకు, అంటే మరమరాలకు, తిరగమోత పెట్టి, పుట్నాలపొడి కలిపి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తే మిల్లుకు పోయే కూలీలు నిలబడే తినిపోయేవారు. తెల్లవారి మొదలైతే మధ్యాహ్నం దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఆ పొయ్యి ఆరేది కాదు.

మా మేనత్త లావు మనిషి. ఆ యేడు ఆమె మోకాళ్ళు వాచిపోయాయి. గోడ పట్టుకోకుండా గడప దాటలేకపోయేది. బరువు తగ్గకపోతే ఇంకో యేడాదికి పొయ్యి ముందర నిలబడడమే కష్టమని డాక్టరు చెప్పాడు. అంగడి మూతపడితే ఆమె మా ఇంటికి వచ్చి ఉండాలి. అన్న ఇల్లే అయినా ఒకరి చేతి కింద బతకడం ఆమెకు అస్సలు ఇష్టం లేదు. మా నాయనకు చెల్లెలంటే ప్రాణం. కానీ ఆయనకు తెలిసిన వైద్యం నోరు కట్టుకోవడం ఒక్కటే. పొద్దున కాఫీ నీళ్ళు, మధ్యాహ్నం ఇంత సంగటి, ఆ తర్వాత ఏమీ ముట్టొద్దని ఆమెకు చెప్పి, సెలవులకు నన్ను అక్కడే వదిలి పోతూ పక్కకు పిలిచాడు.

"పాపా, మీ అత్త బజ్జీ నోట్లో పెట్టుకుంటే గుర్తు పెట్టుకో. నేనొచ్చినప్పుడు సెప్పాల."

పెద్దవాళ్ళ మీద పెత్తనం దొరికితే పిల్లలకు ఎంత పొగరు వస్తుందో నాకు తెలుసు. నేను బొరుగుల మూట మీద కూర్చొని ఆమె చేతులనే చూసేదాన్ని. నేను మాత్రం లేవగానే నాలుగు బజ్జీలు తినేదాన్ని. అందులో తప్పేమీ కనిపించలేదు నాకు.

మూడోరోజు పొద్దున పది గంటల వేళ అంగడి నిండా జనం. మేనత్త అటూ ఇటూ చూసింది. గంపలో విరిగిన బజ్జీ ముక్క ఒకటి తీసి, ముఖం పక్కకు తిప్పి నోట్లో వేసుకుంది. నేను గట్టిగా అరిచాను. "అత్తా! నేను సూసినా! నాయనకు సెప్తా!" అందరూ తలలు తిప్పారు. రోజూ వచ్చే ఒక పెద్దమనిషి నవ్వి, "ఆ ఒళ్ళు ఊరికే వస్తాదామ్మా!" అన్నాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. మేనత్త నోట్లో ముక్క మింగలేక, ఉమ్మలేక అట్లాగే గరిటె తిప్పుతూ నిలబడింది. నూనె సెగకో, సిగ్గుతోనో ఎర్రబడిన ఆమె ముఖం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె సంగటి కూడా తినలేదు. నేను నిద్రపోయి లేచేసరికి పక్కన లేదు. వెనకగదిలోకి పోయి చూస్తే మూటల మధ్య, గోడ వైపు తిరిగి కూర్చొని ఉంది. ఒళ్ళో పొద్దున మిగిలిన చల్లారిన బజ్జీలు. ఒకటి నమిలే లోపలే ఇంకొకటి తీసుకుంటోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. నన్ను చూసిందనే అనుకుంటాను. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మరుసటి రోజు పొద్దున ఆమె నాకు గ్లాసుడు కాఫీ నీళ్ళిచ్చి, "ఈ పొద్దు నువ్వు గూడా నా మాదిరే ఉండు పాపా. నేను తినేదే నువ్వు తిను" అంది. గొంతులో కోపం లేదు. నేను సరేనన్నాను. అదేం పెద్ద పనా అనుకున్నాను. ఎనిమిది గంటలకు బాగానే ఉంది. తొమ్మిదికి కడుపులో మంట మొదలైంది. పదికి, శనగపిండిలో ముంచిన మిరపకాయలు నూనెలో పడ్డప్పుడు వచ్చే ఆ వాసనకు నాకు కళ్ళు తిరిగాయి. ఆమె అటు తిరిగినప్పుడు కాలే బజ్జీ ఒకటి తీసి లంగా మడతలో దాచుకున్నాను. తొడ చురుక్కుమంది. ఆమె ఇటు తిరిగింది. లంగా మీద నూనె మరక అరచేతి అంత పాకింది.

"ఆకలైనాదా పాపా?"

నేను ఏడ్చేశాను. ఆమె గరిటె పక్కన పెట్టి, నన్ను దగ్గరకు తీసుకొని, కాలినచోట తడిగుడ్డ అద్దింది. నన్ను ఏడిపించాలని ఆమె ఆ పని చేయలేదు. తన బాధ నాకు తెలియాలని చేసింది. కానీ నన్ను చూశాక ఆమెకు కూడా ఏదో తెలిసినట్టుంది.

"నిన్ను తిట్టేకి లేదు, నన్ను నేను తిట్టుకొనేకీ లేదు. మాడిన కడుపును తెచ్చి బజ్జీల ముందర కూసోబెడితిమి. ఇంగ అదేం జేస్తాది?" అంది. అది నాతో చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో.

ఆ మరుసటి రోజు నుంచి మేనత్త అంగడి పొయ్యి అంటించే ముందే వంటింట్లో ఇద్దరం కూర్చొని తినేవాళ్ళం. జొన్నరొట్టె ఒకటి, దాని కంటే ఎక్కువగా ఆకుకూర పప్పు, ఉడకబెట్టిన అలసందలు గుప్పెడు, పచ్చి ఉల్లిగడ్డ, చివర చెంబుడు పలచని మజ్జిగ. జొన్నరొట్టెను గబగబా మింగడానికి కుదరదు, నమలాల్సిందే. తినేసరికి చాలాసేపు పట్టేది. పది గంటలకు అదే వాసన వచ్చేది. బాగుండేది కూడా. కానీ చేయి దానంతట అది గంప వైపు పోయేది కాదు.

సాయంత్రం మాత్రం ఆమెకు కష్టంగా ఉండేది. అప్పుడు మజ్జిగ తాగి, రెండు వాయిల బజ్జీలు దించేదాకా ఆగేది. ఆలోపు చాలాసార్లు ఆ కోరిక పోయేది. పోకపోతే ఒకే ఒక బజ్జీ పళ్ళెంలో పెట్టుకొని, పీట వేసుకొని, అందరికీ కనిపించేలా కూర్చొని, తుంచుకుంటూ తినేది. ఆ పెద్దమనిషి ఒకరోజు మళ్ళీ నవ్వబోయాడు. "నా బజ్జీ నేను తినకుంటే మీకెట్ల నమ్మకం కుదురుతాదప్పా?" అందామె. ఆయన తల దించుకొని తిన్నాడు.

అన్ని రోజులూ ఒకేలా గడవలేదు. మామ చనిపోయిన తిథి నాడు ఆమె ఆరు బజ్జీలు తింది. నేను లెక్కపెట్టాను, అలవాటు పోలేదు కదా. మరునాడు కడుపు మాడ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె ఎప్పటిలాగే రొట్టె తట్టి, నా ముందు పెట్టి, తనూ పెట్టుకుంది. నిన్నటి సంగతి ఎత్తనే లేదు.

సెలవులు అయిపోయి మా నాయన వచ్చాడు. వచ్చీ రాగానే నన్నే అడిగాడు, అత్త ఏం తినిందని.

"పొద్దున్నే కడుపు నిండా రొట్టె, పప్పు తినింది నాయనా. దినామూ" అన్నాను.

ఆయన ముఖం మాడింది. "ఇంత సెప్పినా ఇనకపోతివా మ్మే!" అని చెల్లెలి వైపు తిరిగాడు. అప్పటికే మేనత్త ఆయనకు నీళ్ళు తేవడానికి లేచి, గోడ ముట్టుకోకుండా గడప దాటి లోపలికి పోతోంది. రవికె చేతులు వదులై వేలాడుతున్నాయి. ఆయన అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. చెంబు అందుకొని, నీళ్ళు తాగి, "నాకూ ఒక రొట్టె పెట్టు" అన్నాడు.

ఆమె సన్నబడిపోలేదు. అప్పటికీ లావు మనిషే. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు అంగడి నడిపింది, ఎవరి ఇంటికీ పోయి ఉండలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నా మోకాళ్ళు చూసి డాక్టరు అదే మాట చెప్పాడు. ఎవరి పెళ్ళికైనా పోయే ముందు ఇంట్లో ఇంత పప్పు, కూర తినే పోతాను. ఏదైనా మరీ తినాలనిపిస్తే కొంచెంసేపు ఆగుతాను, అప్పటికీ అనిపిస్తే నలుగురి మధ్య కూర్చొని కొంచెం తింటాను. ఇదంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే. కానీ ఆ ఎండాకాలం నుంచి నాతో వచ్చింది ఇంకొకటి ఉంది. మా మనవరాలు సన్నబడాలని మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా, చిరాగ్గా ఇల్లంతా తిరుగుతూ ఉంటుంది. అప్పుడప్పుడు వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడు వినిపిస్తుంది. నేను అటు చూడను. రెండు రొట్టెలు తట్టి, పప్పు గిన్నె మధ్యలో పెట్టి, నాతో పాటు కూర్చోమని పిలుస్తాను. ఎప్పుడు తిన్నావని, ఎంత తిన్నావని అడగను. ఆకలిగా ఉందా అని మాత్రం అడుగుతాను.