జోయిలా మూసిన ఐసుపెట్టె

మా కొండ ఊరి పిల్లలకి టీకాలు వేసేది జోయిలా. మా పాప లూస్ జ్ఞానస్నానం నాడు రెండో తల్లిగా నిలబడింది. అందుకే ఇద్దరం ఒకరినొకరం కొమాద్రె అని పిలుచుకుంటాం. లూస్ కోరింత దగ్గుతో పోయింది. ఆ ఏడు వానలకి దారి తెగి టీకా పైకి రాలేదు. అప్పటినుంచి జోయిలా తన టీకాల ఐసుపెట్టెని మా వంటింట్లోనే దించుతుంది.

సూది వేసి చేతులు దులుపుకునే మనిషి కాదు. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి తొడ తడిమి చూస్తుంది, పాలు తాగాడా, ఎలా ఏడ్చాడు అని ఆరా తీస్తుంది. ఏ తేడా కనిపించినా కింద కుయెంకా పట్నం ఆసుపత్రికి ఫోను చేస్తుంది.

ఈ వానాకాలం నది అవతల మళ్ళీ కోరింత దగ్గు మొదలైంది. ఒక పొద్దున జోయిలా సగం మంది పిల్లలకి టీకా వేసింది. మిగతావాళ్ళని మర్నాడు రమ్మంది. సాయంత్రం సెగుందో మా గుమ్మంలోకి వచ్చి అరిచాడు.

"నీ సూది నా కొడుకుని చంపేస్తోంది! వచ్చి చూడు!"

పరిగెత్తాం. నెలల పిల్లాడు ఎలియాన్ కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. జోయిలా వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టింది.

"ఏమైనా తినిపించారా? తాగించారా?"

"తల్లి పాలు తప్ప ఏమీ లేదు," అంది నానమ్మ దిగ్నా.

తల్లీబిడ్డల్ని ఆసుపత్రికి పాలలారీ ఎక్కించాం. ఇంకొకరికి చోటు లేదు. మేం లోపలికి రాగానే సెగుందో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా కొడుకు సంగతి తేలేదాకా ఇక్కణ్ణించి కదలవు నువ్వు."

"కదలను. టీకా వల్లే అయితే ఆ మాట నేనే చెప్తా. తేలేదాకా ఆ పెట్టెలోది ఎవరికీ వేయను."

ఆసుపత్రికి ఫోను చేసి అదే చెప్పింది. నాకు లూస్ గుర్తొచ్చింది. రేపటి పిల్లల మాటేమిటి? దగ్గు నది దాటితే?

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని, పగవాళ్ళయినా సరే, ఒట్టి చేతులతో కూర్చోబెట్టరు. దిగ్నా గొణుక్కుంటూనే పొయ్యి పక్క తిరిగే పెంపుడు గినీపందుల్ని కాలితో జరిపి, కుండలోంచి వేడినీళ్ళు వంచి ఇచ్చింది.

"తాగు. నిన్ను తిట్టుకోవడం ఎలాగూ ఉంది."

జోయిలా గ్లాసు పెదవిదాకా తెచ్చి ఆగిపోయింది.

"అనాసపువ్వు నీళ్ళు కదూ? ఎవరికోసం కాచావు అవ్వా?"

"పిల్లాడికే. మధ్యాహ్నం కడుపునొప్పని ఏడిస్తే చెంచాతో పోశా."

"ఏమీ తాగించలేదన్నావే!"

"నీళ్ళు కూడా లెక్కేనా? మీ అమ్మ నిన్ను పెంచింది ఈ నీళ్ళతోనే!"

దిగ్నా అబద్ధమాడలేదు. ఆకూ పువ్వూ కాచిన నీళ్ళని మా ఊళ్ళో ఎవరూ తిండిగానూ మందుగానూ అనుకోరు.

జోయిలా మళ్ళీ ఫోను చేసింది. అనాసపువ్వులో అచ్చం అలాగే ఉండే విషపు రకం కలుస్తుందట, పసివాళ్ళకి మూర్ఛలు తెస్తుందట. పువ్వులు దాచి పంపమంది డాక్టరమ్మ.

"ఇంకా ఏదీ తేలలేదు సెగుందో. టీకానీ పరీక్షిస్తారు. ముందు ఈ పువ్వు ఇంకెవరు కొన్నారో చూడాలి."

సెగుందో గుమ్మం వదిలి తనే ముందు పరిగెత్తాడు. రెండిళ్ళ అవతల చంటిదాని కోసం అదే పువ్వు వేసి కాచిన గిన్నె చల్లారుతోంది. ఎత్తి వాకిట్లో పారబోశాడు.

ఆ రాత్రి బాగా పొద్దుపోయాక కబురొచ్చింది. ఎలియాన్‌కి మూర్ఛ ఆగింది, పాలు తాగాడు.

అయినా జోయిలా పెట్టె తెరవలేదు. ఆ రోజుల్లో ఏ పిల్ల దగ్గినా మొక్కజొన్నలు వొలిచే నా చేయి ఆగిపోయేది. చివరికి పట్నంనుంచి మాట వచ్చింది: పువ్వుదే తప్పు, టీకా మంచిదే.

టీకా రోజున ఎవరూ రాలేదు. జోయిలా, నేనూ పెట్టె పక్కన కూర్చున్నాం. పొద్దెక్కాక దిగ్నా, తన కూతురి బిడ్డని శాలువాలో కట్టుకుని వచ్చింది. చేతిలో ఫ్లాస్కు.

"దీనికి వేయి. మళ్ళీ అడక్కు, నీళ్ళ చుక్క కూడా పోయలేదు. ఇవి నీకు. నిమ్మగడ్డి నీళ్ళే, వాసన చూసుకో కావాలంటే."

జోయిలా నిజంగానే వాసన చూసింది.

"చూశావా మీ కొమాద్రె తెలివి!" అని దిగ్నా నన్ను చూసి మూతి తిప్పింది.

సూది దిగగానే పాప కొండ అదిరేలా ఏడ్చింది. ఎదురింటి తల్లి బిడ్డని చంకనేసుకుని తలుపు తెరిచింది.