ఆమె చేయి, నా ముఖం

ఆ కాగితం మీద సంతకం నాదే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడానికి నోరు వస్తుంది. నాకు రాయడం వచ్చింది నా పేరు ఒక్కటే. నేను ఒమాన్‌కు బయలుదేరే ముందు మా ఆయన సిమెంటు సంచి చింపి, లోపలి వైపు మీద పది రోజులు దిద్దించాడు. వేలిముద్ర వేసేవాళ్లను ఆఫీసుల్లో చులకనగా చూస్తారని ఆయన బాధ. ఆయన ఇదే దేశంలో, నిజ్వా అనే ఊళ్లో బిల్డింగు కట్టే సైట్ మీదనే పోయాడు. పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన నేర్పిన ఆ మూడక్షరాలు నేను దేని కింద పెట్టానో ఆయనకు తెలియకపోవడమే మంచిది.

నేను పనిచేసే ఇంట్లో మేడమ్ ముసలావిడ. అక్కడ పడుకునే చోటు లేదు కాబట్టి ఘుబ్రా అనే పేటలో ఒక పాత బిల్డింగ్‌లో రూమ్ తీసుకున్నాను. నాతో పాటు గోదావరి వైపు ఆమె ఒకతె ఉండేది. ముప్పై ఆరేళ్లు. సహం అనే ఊళ్లో తనను వీసా మీద పిలిపించుకున్న కఫీల్ ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చింది. పాస్‌పోర్టు, ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డు అక్కడే ఉండిపోయాయి. ఇలాంటివాళ్లను ఇక్కడ ఖల్లివల్లి అంటారు. కార్డు లేకపోతే సిమ్ రాదు, ఇంటికి డబ్బు పోదు, ఆసుపత్రిలో చీటీ రాయరు. అందుకని కార్డు ఉన్నవాళ్లం లేనివాళ్లకు మాది ఇస్తాం. అడగడానికి వాళ్లు మొహమాటపడరు, ఇవ్వడానికి మేం ఆలోచించం. పక్కింటికి చేదతాడు ఇచ్చినట్టే. నా కార్డు మీద అప్పటికే నాలుగు సిమ్‌లు నడుస్తున్నాయి.

పై అంతస్తులో ఒకడుండేవాడు. ఫోన్లు బాగుచేసే పని, హిందీ మాట. వాడు ఆమెకు ఒక దారి చెప్పాడు. ముఖానికి గుడ్డ కట్టుకుని ఒంటి మీద గుడ్డ తీసి వీడియోలు ఇస్తే వేరే దేశాల మగవాళ్లు డబ్బు కట్టి చూస్తారని, ఇంటికి పోయే టిక్కెట్టు అలా వస్తుందని. ఆమె వారం రోజులు నాకు చెప్పలేదు. చెప్పిన రోజు తిట్టాను. ఆమె ఏడ్చింది, నేను ఊరుకున్నాను. అసలు తప్పు ఆ తర్వాతి శుక్రవారం చేశాను.

ఆ వీడియోలు పెట్టే సైటువాళ్లకు ఒక రూలుందట. అందులో కనపడే ప్రతి మనిషికీ కాగితం ఉండాలి. కార్డు ఫోటో, కార్డును ముఖం పక్కన పట్టుకుని తీసిన ఫోటో, పద్దెనిమిదేళ్లు దాటాయని, ఎవరూ బలవంతం చేయలేదని, ఇష్టపడే చేశానని కింద సంతకం. ఇష్టం లేని ఆడవాళ్లను కాపాడటానికే ఆ రూలు పెట్టారట.

"అక్కా, నీ కార్డు ఓసారి ఇత్తావా," అంది ఆమె. సిమ్ కోసం అడిగినట్టే అడిగింది.

"కార్డు తీస్కో. నా మొగం ఎందుకు మే?"

"కార్డులో మొగం, ఫోటోలో మొగం ఒకటే అవ్వాలంటక్కా. నాదెలాగూ గుడ్డ కట్టేత్తాను కదా. నీది పెడితే ఎవడు సూత్తాడు?"

"పద్దెనిమిది దాటిందా అని అడుగుతాండారంట గదా. నాకు దాటి ముప్పై నాలుగేండ్లయ్యింది. పనికొస్తానా వాళ్లకు?"

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూనే కార్డు చెంప పక్కన పట్టుకున్నాను. సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి, కాగితం లెక్క ప్రకారం, ఆ వీడియోల్లో ఉన్న ఒళ్లు నాది.

ఆరు వీడియోలయ్యాక ఆమె ఇక నా వల్ల కాదంది. పైవాడు కొన్నాళ్లు బెదిరించాడు. తర్వాత ఒకరోజు రూమ్ ఖాళీ చేసి దేశం వదిలి పోయాడు. అకౌంటు వాడి పేరుతోనే నడిచేది. టిక్కెట్టు మాట వాడితోనే పోయింది. వీడియోలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొన్ని నెలలకు, కాగితాలు లేనివాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి పోవచ్చని ఇక్కడి సర్కారు చెప్పింది. ఆమె ఎంబసీకి పోయి పేరు రాయించుకుంది. అందరూ పెట్టెలు సర్దుకుంటుంటే ఈమె చేయి చూసుకుంటూ కూర్చునేది. ఎడమ మోచేతి కింద పచ్చబొట్టు, తెలుగు అక్షరాల్లో మొగుడి పేరు. మొగుడు వదిలేసి పోయాడు, పేరు పోలేదు. వీడియోల్లో ముఖానికి గుడ్డ కట్టింది గానీ చేతికి కట్టలేదు. కూతురు నర్సింగు చదువుతోంది.

"అది ఈ చెయ్యి పట్టుకునే నడక నేర్సుకుందక్కా," అంది. "ఫోనులో ఎప్పుడన్నా కనపడితే పేరు సదవక్కర్లేదు దానికి."

పోలీసులకు చెప్పే వీలు లేదు. ఇక్కడ అలాంటి వీడియో చేయడమే నేరం. ఆమె పారిపోయిన మనిషి, నేను అబద్ధం సంతకం పెట్టిన మనిషిని. ఆ సైటు ఈ దేశంలో తెరుచుకోను కూడా తెరుచుకోదు. పైవాడు ఆమె ఫోనులో వేరే యాప్ ఏదో పెట్టి తెరిచేవాడు. దాంతోనే వాళ్లకు మెసేజ్ పెట్టాం. నేను తెలుగులో చెప్తే ఫోను ఇంగ్లీషు చేసి పంపింది. జవాబును తెలుగు చేసి చదివింది. "సదరు దృశ్యమునందలి వ్యక్తి మీరే అని నిర్ధారించుము" అంది.

"ఇదేంది మే, కోర్టు బంట్రోతు మాదిరి మాట్లాడుతాంది," అన్నాను.

వాళ్లు చెప్పింది ఇదీ. ఒప్పుకోలు ఎవరు రాసిచ్చారో వాళ్లే వెనక్కి తీసుకోవాలి. అంటే నేను. ముఖం, కార్డు, వీడియోలో కనపడే చేతి గుర్తు, మూడూ ఒకే ఫోటోలో ఉండాలి.

"నిజం సెప్పేత్తాను అక్కా. నేనే అని, నువ్వు కాదని."

"చెప్తే? నీకు కాగితం ల్యా. కాగితం ల్యాని మనిషి మాట వాళ్లు ఇనరు. నాదేమో దొంగ కాగితమైతాది. నోరు మూసుకోని ఆ నైటీ ఇట్ల ఇయ్యి."

శుక్రవారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టాం. నా పెద్ద నైటీలో నా ఎడమ చేయి లోపలికి ముడుచుకున్నాను. ఆమె నా వెనక కూర్చుని, తన చేయి ఆ నైటీ చేతిలోంచి బయటికి పెట్టి, కార్డు నా చెంప దగ్గర పట్టుకుంది. ఆమె చేయి నాకంటే తెలుపు. టీ డికాక్షన్ మూడుసార్లు పూసి ఆరబెట్టాం. ఫోనును పాలపొడి డబ్బాకు ఆనించాం.

"గడ్డం తియ్యి మే, వీపులో గుచ్చుకుంటాంది."

"నువ్వు నవ్వితే నా చెయ్యి ఊగిపోతందక్కా. కార్డు తలకిందులైపోద్ది."

ఏడోసారికి సరిగా వచ్చింది. దాంతోపాటు నోటితో కూడా చెప్పాలన్నారు. చెప్పాను. "దీంట్లో ఉండేది నేనే. నాకు ఇష్టం ల్యా. తీసేయండి." మా ఆయన తప్ప నా మోచేయి పైభాగం చూసిన మగవాడు లేడు. ఆ మాట పలుకుతుంటే వెనక ఆమె ఏడుస్తున్న తడి నా వీపుకు తగిలింది. నేను కదల్లేదు, కదిలితే మళ్లీ తీయాలి.

ఐదు రోజులకు తీసేశారు. ఆమె నా కాళ్లు పట్టుకుని లేచి, పెట్టె తీసుకుని పోయింది. ఇలా పోయినవాళ్లను మళ్లీ ఈ దేశంలోకి రానివ్వరు. మళ్లీ రావాలని ఆమెకూ లేదు.

రెండు నెలలకు ఫోను చేసింది. తీసేసేలోపే ఎవరో ఒక వీడియో దించుకున్నారు, ఇప్పుడు అది ఇంకో సైటులో ఉంది. అక్కడ కింద ఒకడు తెలుగులో కూడా ఏదో రాశాడట. పోయే ముందు ఆమె నా ఫోనులో కూడా ఆ యాప్ పెట్టి పోయింది, దాంతో నేను ఆ సైటుకు మెసేజ్ పెట్టాను. వాళ్లదీ అదే రూలు, మొదటి కాగితంలో పేరున్న మనిషే అడగాలట. ముఖం, కార్డు, చేయి, ఒకే ఫోటోలో. ఆమె చేతి ఫోటో తీసి పంపింది. నేను నా ముఖం, కార్డు తీసి రెండూ పంపాను. ఒకే ఫోటో కావాలని తిప్పి పంపారు. ముఖం ఘుబ్రాలో ఉంది, చేయి గోదావరి దగ్గర ఉంది.

మేడమ్‌ను సెలవు అడిగాను. ఆమె మంచం పట్టి ఉంది, తిప్పి పడుకోబెట్టడానికి కూడా నేనే కావాలి. సెలవు ఇంకా పద్నాలుగు నెలలకు. "పద్నాలుగు నెల్లు ఓర్చుకో పాపా, కార్డు తీసుకోని నీ దగ్గరికే వస్తా," అని ఆమెకు చెప్పాను. అప్పటికి ఆ వీడియో ఇంకెన్ని చోట్లకు పాకుతుందో ఇద్దరం లెక్క వేసుకోలేదు.

మొన్న మంగళవారం మేడమ్‌కు గంజి పడుతుంటే ఫోను మోగింది. ఆమె గొంతు తేలిగ్గా ఉంది.

"అక్కా, పని అయిపోయింది. కాల్చేసుకున్నాను."

"ఏంది కాల్చుకున్యావ్?"

"పచ్చబొట్టక్కా. బూరెలు వండుతుంటే నూనె ఒలికిందని సెప్పాను. చర్మం ఊడొచ్చేసింది, ఒక్క అక్షరం లేదు. పిల్లే వచ్చి కట్టు కట్టింది. దానికేం తెలీదు."

నేను గంజి గిన్నె కింద పెట్టాను. ఆ గుర్తు లేకపోతే ఆ ఒళ్లు ఫలానా మనిషిదని చెప్పడానికి ఇక ఏదీ లేదు. నేను సెలవుకు పోయినా, కార్డు తీసుకుపోయినా, పక్కపక్కన కూర్చున్నా, తీసేయమని అడిగే హక్కు ఇద్దరికీ లేదు. ఆమెకు అది తట్టలేదు.

"ఇప్పుడింక నన్నెవరూ గుర్తుపట్టరు కదక్కా," అంది.

"పట్టరు లేమ్మా," అన్నాను. "రోజూ మందు పూస్తాండావా, చీము పడితే కష్టం."

పూస్తున్నానంది. మేడమ్ నోరు తెరిచి ఎదురుచూస్తోంది. ఫోను పెట్టేసి గంజి పట్టాను.